రాయి గట్టిదే అన్నాను

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎంత బరువంటే... పెద్ద పోలిక ఒకటి నోటిదాకా వచ్చింది, మింగేశాను. బరువుగా ఉంది, అంతే. ఓపికుంటే వినండి. మధ్యలో కోతలు కోస్తాను, నేనే సరిదిద్దుకుంటాను. ఈ వయసులో మానడం నా వల్ల కాదు.

మాది నెల్లూరు జిల్లా కోట దగ్గర పల్లె. రొయ్యల గుంటలకు బోర్లు వేసేవాణ్ణి. పదివేల బోర్లు వేశాను. కాదు, వెయ్యి. సరే, ఆరేడు వందలు. వాటన్నిటిలో నాకు తగిలింది ఇసుక, బంకమట్టి. మా సముద్రపు ఒడ్డున బోరువాడికి రాయి కనపడితే వింత. అయినా నెల్లూరులో టీ అంగడి ముందు కూర్చుని, రాతిని సుత్తితో తడితే లోపల గట్టిదో డొల్లదో చెవితోనే చెప్పేస్తానని గొప్పలు పోయాను.

ఆ మాట కొండలెక్కే వాళ్ల చెవిన పడింది. కడప దాటాక, ఇంతవరకూ ఎవరూ తాడు వేయని సున్నపురాతి చరియల కోసం వాళ్లు వెతుకుతున్నారు. మంచి చరియ దొరికితే, ఎక్కే దారి పొడవునా రాతికి రంధ్రాలు చేసి, తాడు తగిలించుకోవడానికి బోల్టులు బిగించాలి. డొల్ల రాతిలో బిగిస్తే మనిషి బరువుకు పెళ్లతో సహా ఊడొస్తుంది. అందుకని మంచి చెవి ఉన్నవాడు కావాలి.

చెవి! బోరు బండి కంప్రెసర్ హోరు పక్కన నిలబడీ నిలబడీ నా కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది సగం. నా భార్యకు కూడా చెప్పలేదు. పిలిస్తే పలకకపోవడం పొగరనుకుంటుంది.

మూడు రోజులు ఎండలో, ముళ్లలో తిరిగాం. ఒక చరియ పొడిపొడిగా రాలుతుంది. ఇంకోదాని నిండా తేనెపట్లు. విసుగెత్తిపోయాక నాలుగో రోజు దొరికింది. మూడు వందల అడుగులు నిట్టనిలువుగా... ఎనభై. ఎనభై అడుగులే.

ఆ ఎక్కే దారి ఎంచింది సాల్మన్. (పేర్లు మార్చాను.) ఆ జట్టులో కుర్రాడు, బుచ్చిరెడ్డిపాలెం వాడు, అప్పటికి పాతికేళ్లుంటాయి, బోల్టులు కొట్టే పనీ వాడిదే. సగం ఎత్తులో మనిషి నిలబడేంత అరుగు ఉంది. నాకు తాడు కట్టి పైనుంచి అక్కడికి దించారు. సాల్మన్ పక్కనే తాడుకు వేలాడుతూ రాతిని తట్టాడు, ఆగాడు, మళ్లీ తట్టాడు.

"సార్, ఇది డొల్లగా మోగతా ఉండాది. పక్కకి జరుగుదామా?"

ఎడమ చెవి రాతికి ఆనించాను. గాలి హోరు. ఇంకేం లేదు. కింద నుంచి అందరూ తలలెత్తి నన్నే చూస్తున్నారు. నాకు వినపడలేదు అంటే ఏం పోయేది? ఏం పోయేదని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ రాళ్లతో మాట్లాడతా ఉండాను రా. గట్టిదే. కొట్టు."

"మీరు కొట్టమంటే కొడతా. నాకైతే మనసొప్పలా సార్."

"మనసుతో వినేదానికి ఇదేమన్నా పాటా? కొట్టబ్బా!"

కొట్టాడు.

మర్నాడు శిరీష ఎక్కింది. ఆమెదీ ఆ జట్టే, నెల్లూరులో ఆటల టీచరు. ఆ బోల్టు దాటి రెండడుగులు వేసి, కాలు జారింది. తాడు బిగిసిన క్షణంలో బోల్టు, పెళ్ల కలిసి ఊడాయి. కింది బోల్టు పట్టుకునేలోపు ఆమె పాదం అరుగుకు కొట్టుకుని మడమ నుజ్జయింది.

అందరూ సాల్మన్ మీద పడ్డారు. సార్ గట్టిదన్నారని వాడు చెప్పాడు. నేను పక్కకి జరగమన్నాననీ, వాడే వినలేదనీ నేను చెప్పాను. గాలిలో మా మాటలు పైకీ కిందికీ ఎవరికీ చేరలేదు కదా. నెరిసిన జుట్టును నమ్మారు. వాడి మాటే తెచ్చి నా నోట్లో పెట్టుకున్నాను, నా మాట వాడికి అంటగట్టాను. భయమా? పరువా? రెండూ కావేమో. నోరు తెరిస్తే వచ్చేది ఎప్పుడూ అబద్ధమే కాబట్టి అప్పుడూ అదే వచ్చిందేమో.

ఆ తర్వాత సాల్మన్‌ను ఏ కొండకూ ఎవరూ పిలవలేదు. వాళ్ల ఊళ్లో మోటార్లు బాగుచేస్తున్నాడు. ఒకసారి బస్టాండులో ఎదురుపడి, "బాగుండారా సార్?" అని అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు వాడి మీదే చిరాకేసింది. ఎంత సిగ్గులేనితనమో చూడండి.

పోయిన వారం వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. కొత్త చరియ చూశారట, నా చెవి కావాలట. కొత్తగా చేరే ప్రతివాడికీ ఆ కథ చెబుతున్నారట: పెద్దాయన వద్దన్నా వినకపోతే ఇలాగే అవుతుంది, అని. ఫోన్ విసిరికొట్టాలనిపించింది. నా అబద్ధం వాళ్లకు పాఠమైపోయింది!

కాదు. వద్దన్నది సాల్మన్. కొట్టమన్నది నేను. ఈ రెండు ముక్కలు రాశాక, ఏ కోతా లేకుండా చెబుతున్నాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. శిరీష కాలు దీనివల్ల బాగుపడదు, ఆ సంగతి తెలుసు.

ఈ కాగితం నకలు, అసలు పేర్లతో, ఈ ఉదయం శిరీషకు పోస్టు చేశాను. కొండలెక్కే వాళ్లకొకటి. సాల్మన్‌కు పంపలేదు. వాడికి తెలియని సంగతి ఇందులో ఒక్కటీ లేదు.