కొలవని ఎత్తు

అమెరికాలో ఎడారి ఊరు ఈ చాండ్లర్‌లో మే నెల వచ్చిందంటే, మూసి ఉన్న గ్యారేజీ తలుపు తీయగానే కాగిన రబ్బరు వాసన గుప్పుమంటుంది. మొన్న శనివారం మా గ్యారేజీ తీసినప్పుడూ అంతే. లోపల వాకర్లు, చక్రాల కుర్చీలు, చేతికర్రలు, స్నానాల గదిలో వేసుకునే ప్లాస్టిక్ కుర్చీలు గోడ పొడుగునా నిలబడి ఉన్నాయి. వెనిగరు కలిపిన నీళ్ళలో పాత టూత్‌బ్రష్షు ముంచి ఒక చక్రం ఊచల మధ్య చిక్కుకున్న జుట్టు లాగుతుంటే, ఆ పుల్లటి వాసనా ఈ రబ్బరు వాసనా కలిసి, వెనకనించి రత్నం గారు "పిల్లా, ఇరుసు దగ్గర వదిలేశావు చూడు" అన్నట్టే అనిపించింది. నిజంగానే తిరిగి చూశాను. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఇంకా తిరిగి చూస్తూనే ఉన్నాను.

మేరీ రత్నం గారిది చీరాల. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగమేమిటో మనవాళ్ళకి ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. ఎవరైనా అడిగితే, "జబ్బు తగ్గించేది డాక్టరు. తగ్గి ఇంటికొచ్చాక జాకెట్టు హుక్కు పెట్టుకోవడం నేర్పేది నేను" అనేవారు. వాళ్ళ నాన్న గుంట మగ్గం మీద నేసేవారట. కాళ్ళు గుంటలో వేలాడి, సాయంత్రానికి నడుం పట్టుకుని లేచేవారట. ఒకరోజు వాళ్ళమ్మ ఆ గుంటలో పాదాల కింద రెండు ఇటుకలు పెట్టింది. ఆ తరవాత ఆయన నడుం పట్టుకోవడం ఎవరూ చూడలేదు. "ఇక్కడికొచ్చి నేను చదివిందంతా ఆ ఇటుకల గురించే" అని నవ్వేవారు.

ఆవిడని నేను మొదటిసారి చూసింది మా అపార్ట్‌మెంట్ చెత్తకుండీ దగ్గర. నడుము దాకా అందులోకి వంగిపోయి ఉన్నారు. ఎవరో పెద్దావిడ పడిపోయిందనుకుని పరుగెత్తాను. "చూస్తావేంటమ్మాయ్, ఆ కాలు పట్టుకుని లాగు!" అని లోపల్నుంచి తెలుగులో కేక. నేను ఆవిడ కాలు పట్టుకుని లాగాను. "నాది కాదే తల్లీ, వాకర్‌ది!" ఇద్దరం కలిసి బయటికి లాగాం. నిక్షేపంలాంటి వాకర్. ఎవరో మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు వాడి, అవసరం తీరాక పారేశారు. "ఈ అల్యూమినియం కోసం ఎక్కడో కొండ తవ్వారు. ఇంకో పదిమందిని నడిపించగలదు ఇది. తీసుకెళ్ళి మట్టిలో పాతేస్తారంట" అన్నారు ఆయాసపడుతూ. కోపం నిజమైన కోపమే, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

అప్పటికి నేను అమెరికా వచ్చి ఏడాది. విశాఖలో ఫిజియోథెరపీ చదివి అక్కడే మూడేళ్ళు పనిచేశాను. మా ఆయనకి ఇక్కడ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాకేమో ఆయన వెనక వచ్చిన వీసా, దాని మీద పనిచేయడానికి వీల్లేదు. సర్టిఫికెట్లు సూట్‌కేసులో, నేను సోఫాలో. రత్నం గారికి నా చదువు గురించి కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. ఆవిడ విని, తల ఊపి, ఇలా పారేసిన సామాను కడిగి బాగుచేసి అవసరమైనవాళ్ళకి ఊరికే ఇచ్చే తన గ్యారేజీకి తీసుకెళ్ళి, నా చేతిలో టూత్‌బ్రష్షు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. కానీ మర్నాడు కూడా వెళ్ళాను, ఎందుకంటే ఆ ఏడాదిలో నాకు పని చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

రెండు నెలలు కడగడం, బిగించడం అయ్యాక నన్ను ఒక ఇంటికి తీసుకెళ్ళారు. మోకాలికి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడకి కుర్చీ ఇవ్వాలి. లోపలికి వెళ్ళి కూర్చున్నామో లేదో, రత్నం గారు ఆ పేషెంటుతోనే "కాస్త కాఫీ పెట్టి ఇస్తారా అమ్మా?" అన్నారు. కోడలు కంగారుపడి, "అయ్యో, నేను కలిపి తెస్తా ఆంటీ" అంది. "వద్దమ్మా, నాకు మీ అత్తగారి చేతి కాఫీయే కావాలి." నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పావుగంట పట్టింది ఆ కాఫీ రావడానికి. కారెక్కాక, "ఏం చూశావు?" అని అడిగారు. కాఫీ బాగుందన్నాను. "గిన్నె కింది అరలోది. దానికోసం వంగినప్పుడు స్టవ్వు అంచు పట్టుకుంది, అది వేడిగా ఉంటే? ఫ్రిజ్ తలుపు తీయడానికి ఒంటికాలి మీద నిలబడింది. ఆవిడకి ముందు కావలసింది కుర్చీ కాదు, ఆ గిన్నెలు పై అరలోకి మార్చడం." కారు స్టార్టు చేస్తూ అన్నారు. "మనవాళ్ళని ఎలా ఉందని అడక్కు పిల్లా. ఇంటికొచ్చిన మనిషికి మనం కష్టం చెప్పం. పర్లేదు అంటాం. ఏదో ఒక పని అడుగు, వాళ్ళు చేస్తుంటే చూడు."

బుర్ర ఊపాను. అర్థమైందనే అనుకున్నాను.

రత్నం గారు కంటి ఆపరేషన్ చేయించుకున్న వారంలో రాజమణి గారి ఇంటికి నన్ను ఒక్కదాన్నే పంపారు. రాజమణి గారిది కరీంనగర్ వైపు. అరవై దాటాయి. భర్త పోయాక ఒక చిన్న ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటూ, చాండ్లర్‌లో సగంమంది తెలుగు ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేవారు. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై అప్పుడే ఇంటికొచ్చారు. కొడుకు కిరణ్ ఇల్లినాయ్ రాష్ట్రంలో అరోరాలో ఉంటాడు. ఇంకొక్కసారి పడితే ఫ్లాట్ ఖాళీ చేయించి తనతో తీసుకెళ్ళిపోతానని తల్లికి ముందే చెప్పేశాడు. అది తలుచుకుంటేనే ఆవిడకి గుబులు. "ఆడ నాకేం పనుంటది బిడ్డా? కూసోవెట్టి అన్నం పెడ్తరు, గంతే" అన్నారు నాతో, కుట్టుమిషను మీద చెయ్యి వేసి.

నేను తీసుకెళ్ళింది టాయిలెట్ మీద అమర్చే ఎత్తు కుర్చీ. తుంటి ఆపరేషనైనవాళ్ళు మరీ కిందికి కూర్చోకూడదు. కుర్చీ కాళ్ళకి వరసగా చిల్లులుంటాయి, మనిషి ఎత్తుని బట్టి గుండీ నొక్కి సరిచేయాలి. కంటి అంచనాతో, నేను చదువుకున్న లెక్క ప్రకారం మూడో చిల్లులో బిగించాను. గట్టిగా కదిపి చూశాను, కదల్లేదు. ఆవిడ ఒకసారి కూర్చుని లేచారు, నేను మర్యాదకి తలుపు బయట నిలబడ్డాను.

"ఎలా ఉందండీ?" అని అడిగాను.

"ఏం పర్వలేదు బిడ్డా, మంచిగనే ఉన్నది. కూసో, చాయ్ పెడ్త."

"వద్దండీ, పర్లేదు. మీరు రెస్ట్ తీసుకోండి."

ఆవిడ పర్లేదన్నారు, నేనూ పర్లేదన్నాను. ఇద్దరం ఒకరినొకరు ఇబ్బంది పెట్టకుండా చాలా మర్యాదగా విడిపోయాం. ఇచ్చిన సామాను లెక్క రాసే పుస్తకంలో "సరిపోయింది" అని రాసుకున్నాను.

నాలుగో రోజు ఆవిడ పడిపోయారు. ఆవిడ పొట్టి మనిషి. ఆ కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకి ఆనేవి కావు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే భయమేసి, పాదాల కింద బట్టలు తడిపే ప్లాస్టిక్ తొట్టి బోర్లించి పెట్టుకున్నారు. తడి నేల మీద అది జారింది. తుంటికి ఏమీ కాలేదు కానీ ఎడమ మణికట్టు విరిగింది. మిషను సూది కింద బట్టని తిప్పేది ఆ చెయ్యే.

ఆసుపత్రిలో ఆవిడ నన్ను చూసి, నన్నే ఓదార్చారు. "ఎత్తయిందని చెప్తే మల్ల గా ఎండల బడి అస్తవ్. నిన్నేం తిప్పల పెడుదునని చెప్పలే బిడ్డా." నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. కంటికి నల్లద్దాలు పెట్టుకునే వచ్చిన రత్నం గారు తిట్టలేదు. ఒక్కటే అడిగారు.

"ఆవిడ కూర్చున్నప్పుడు పాదాలు చూశావా?"

"లేదు ఆంటీ."

"కిరణ్ బయట ఉన్నాడు. వెళ్ళి చెప్పు."

నాకు ఇక్కడ లైసెన్సు లేదు, ఎవరు ఏమంటారోనన్న భయం ఉంది. వెళ్ళి, కుర్చీ ఎత్తు కొలవకుండా బిగించింది నేనేనని చెప్పాను. కిరణ్ నా వైపు చూడలేదు, నా వెనకే వచ్చిన రత్నం గారి వైపు తిరిగాడు. "ఆంటీ, మీరు మంచి ఇంటెన్షన్‌తోనే చేస్తారు, ఐ నో. కానీ అమ్మ చెయ్యి పోయింది. టికెట్స్ బుక్ చేసేస్తున్నా. ఇక్కడ ఎవరు రెస్పాన్సిబుల్?" అన్నాడు.

"నేను" అన్నారు రత్నం గారు. "పంపింది నేను, పిల్లకి సరిగా నేర్పనిదీ నేనే. మూడు నెలలు టైమివ్వు నాయనా. ఆ తరవాత నువ్వే వచ్చి ఒక పూటంతా పక్కన నిలబడి చూడు. అమ్మ తన పని తను చేసుకోలేకపోతే నేనే సామాను సర్ది ఎయిర్‌పోర్టుకి తీసుకొస్తాను."

ఆ మూడు నెలలూ రోజూ వెళ్ళాను. ఆసుపత్రి తరఫున ఒక థెరపిస్టు వారానికోసారి వచ్చేది, మిగతా రోజులు నేనూ రత్నం గారూ పని పంచుకున్నాం. మణికట్టు మీద బరువు పడకూడదు కనక, పాత చంకకర్ర పైభాగం కోసి వాకర్‌కి బిగించి, మోచెయ్యి ఆనించి నడిచేలా చేశారు రత్నం గారు. రోడ్డు పక్కన ఎవరో వదిలేసిన భోజనాల కుర్చీ తెచ్చి, కాళ్ళు కోసి, మిషను ముందు వేశారు. ఒక్కసారిగా కోయలేదు. వేలి మందం కోయడం, ఆవిడని కూర్చోబెట్టి కుట్టించడం, నన్ను నేల మీద పడుకోబెట్టి పాదాలు ఆనాయో లేదో చూపించడం. మళ్ళీ వేలి మందం. "తొందరేం లేదు, కోసింది మళ్ళీ అతకదు" అనేవారు.

పదో వారంలో అనుకుంటాను. కుర్చీ అయిపోయిందనుకున్నాం. రాజమణి గారు ఒక జాకెట్టు చెయ్యి కుడుతున్నారు. సగంలో ఆపి, మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు మొహం పెట్టారు.

"బాగలేదు" అన్నారు. "ఈడ తొడ కింద ఒరుసుకుంటున్నది. నాకు మంచిగలేదు."

రత్నం గారు ఆ మాటకి చప్పట్లు కొట్టారు. నేను కూడా అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. కుర్చీ అంచు చెక్కి గుండ్రం చేశాం. మరో రెండు వారాలకి కిరణ్ వచ్చాడు. తల్లి లేచి స్నానం చేసి, చాయ్ పెట్టి, ఎవరో ఇచ్చిన జాకెట్టు ముందుభాగం కుట్టేదాకా గోడకానుకుని చూస్తూ నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు సాయానికి ముందుకి వెళ్ళబోతే రత్నం గారు చెయ్యి అడ్డుపెట్టారు. చివరికి కళ్ళు తుడుచుకుని, "ఓకే అమ్మా, ఇక్కడే ఉండు" అన్నాడు.

కథ అక్కడితో సుఖంగా ముగిసినట్టే నేను కొన్నాళ్ళు తిరిగాను. కానీ మణికట్టు పూర్తిగా బాగుపడలేదు. అరచెయ్యి పైకి తిప్పబోతే సగంలో ఆగిపోతుంది. చంక దగ్గర కుట్టు గుండ్రంగా తిప్పడం ఆవిడకి మంచినీళ్ళు తాగినట్టుండేది, ఇప్పుడు బట్టనంతా తీసి, తిప్పి, మళ్ళీ పెట్టుకోవాలి. నేను కనిపించినప్పుడల్లా "నీ తప్పేం లేదు బిడ్డా, నేనే చెప్పకపోతి" అనేవారు. ఆ మాట వింటే నాకు ఎంతో హాయిగా ఉండేది. ఆ హాయి నా మొహంలో కనిపించి ఉంటుంది. ఒకరోజు తిరిగి వస్తూ కారులో రత్నం గారు అన్నారు, "ఆవిడ క్షమించడం ఆవిడ మంచితనం. నువ్వు కొలవకపోవడం నీ పని. ఆ రెండూ కలిపేసుకుని సుఖపడకు పిల్లా." ఎంత రోషం వచ్చిందంటే వారం రోజులు గ్యారేజీకి వెళ్ళలేదు. ఆవిడ ఫోన్ చేయలేదు. ఎనిమిదో రోజు నా అంతట నేనే వెళితే, "వచ్చావా, ఆ కుర్చీ బ్రేకు చూడు" అన్నారు, అంతే.

తరవాత నాకు పనిచేసే అనుమతి వచ్చింది, పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. అది చూసి ఆవిడ ఎంత మురిసిపోయారో. ఆ మురిపెం పూర్తిగా తీరకుండానే కేన్సర్ వచ్చింది, నాలుగు నెలల్లో తీసుకుపోయింది. చివరి వారాల్లో ఆవిడ మంచం ఎత్తు సరిచేసింది నేనే. ముందు నేను పడుకుని చూశాను, తరవాతే ఆవిడని ఎక్కించాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు. ఆవిడ లేని లోటు నాకు తీరేది కాదు, తీరాలనీ అనుకోను.

ఆవిడ సామానంతా ఇప్పుడు మా గ్యారేజీలో ఉంది. వారమంతా క్లినిక్కులో పని, శనివారం ఇది. ఎవరైనా నాకు థాంక్స్ చెబితే మొహమాటంగా ఉంటుంది, ఎందుకంటే నాకు రాజమణి గారి ఆ చెయ్యి గుర్తొస్తుంది. అది గుర్తొచ్చినంతకాలమే నేను ఈ పనికి పనికొస్తాననుకుంటాను.

కిందటి వారం జాకెట్టు కుట్టించుకుందామని రాజమణి గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా వీపు మీద టేపు పట్టి, ఎడమ చెయ్యి తిప్పబోయి, అది ఆగిపోతే, తనే నా చుట్టూ నడిచి ఇవతలికి వచ్చి కుడిచేత్తో కొలిచారు. భుజం, ఛాతీ, నడుము, ప్రతి కొలతకీ అలాగే ఒక చుట్టు. తుంటి ఆపరేషనైన మనిషి. నేను కదలకుండా నిలబడ్డాను.

"ఏమైంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్?"

ఏం లేదండీ అనబోయి ఆగాను.

"మీ చెయ్యి చూస్తున్నానండీ" అన్నాను.

ఆవిడ ఈసారి నీ తప్పేం లేదనలేదు. టేపు మెడలో వేసుకుని, ఆ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టారు.