ఆరు పాళ్లు, రెండు పాళ్లు

మా ఇంటి పైపోర్షన్‌లోకి ఈ మధ్యే ఒక కొత్త జంట కిరాయికి దిగింది. అబ్బాయి ఇక్కడే మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్లు చూస్తాడు. అమ్మాయికి ఆరో నెల. ఆ అమ్మాయికి ఏదైనా ముందే తెలిసిపోవాలి. మొన్న సాయంత్రం బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్తే ఫోను పట్టుకొని ఎదురొచ్చింది. "అక్కా, పిల్లలున్న ఇంటికి నెలకు తిండికి ఎంతయితది?" అని అడిగింది. లెక్కలు చేసుకోవడానికి ఫోను అప్పటికే తెరిచి పెట్టుకుంది. నాకు ఇద్దరు పిల్లలు. నెల సరుకులు తెచ్చేది నేనే. ఉల్లిగడ్డ నుంచి పాల ప్యాకెట్ దాకా ధరలన్నీ నోటికి వచ్చు. అయినా "ఎంతనో అయితది తియ్, గదంత ఇప్పుడెందుకు?" అని దాటేసి కిందికి వచ్చేశాను. పాపం, ఈవిడ ఖర్చు చెప్పడానికి కూడా పిసినారితనం చేస్తుందని ఆ పిల్ల అనుకొని ఉంటుంది. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పిన మనిషి మా ఇంట్లో ఒకరున్నారు. మా నాయన. ఆయన చెప్పిన లెక్కలో ఏ తప్పూ లేదు. ఆ లెక్కతోనే మా ఇల్లు రెండయింది.

అప్పట్లో మేం సూర్యాపేటలో ఉండేవాళ్లం. మా సొంతూరు నడిగూడెం అవతల ఉంది. తాత గొర్లమందను అమ్మేశాక అన్నదమ్ములిద్దరూ పేటకు వచ్చేశారు. పెద్దనాయనకు కరెంటాఫీసులో లైన్‌మన్ ఉద్యోగం దొరికింది. మా నాయన హైవే పక్కన రేకుల షెడ్డు వేసి, లారీ టైర్లకు పంక్చర్లు వేసే పని పెట్టుకున్నాడు. పెద్దనాయనకు జీతం ఉంది, పిల్లలు లేరు. మా నాయనకు పిల్లలు నలుగురు: నేను, నా తర్వాత ఇద్దరు చెల్లెళ్లు, చివరికి తమ్ముడు. సంపాదన మాత్రం ఏ లారీకి ఎప్పుడు మేకు దిగుతుందో దాన్ని బట్టి ఉండేది. ఇంట్లో ఒకే పొయ్యి. దాని ముందు పెద్దమ్మ కూర్చునేది. మా అమ్మ ముందరింట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది. ప్రతి ఇంట్లోనూ ఇద్దరు అమ్మలుంటారనీ, ఒకరు వండడానికి, ఒకరు కుట్టడానికి అనీ నేను చాలా రోజులు నమ్మాను. బళ్లో ఒక స్నేహితురాలు తనకు ఒక్కతే అమ్మ అన్నప్పుడు, మరి మీకు అన్నం ఎవరు వండుతారని జాలిపడి అడిగాను కూడా.

పెద్దనాయన జీతం అందిన రోజు సాయంత్రం సరుకులు వచ్చేవి. రిక్షాలో బియ్యం బస్తాలు, వాటి మీద పెద్ద సంచి, ఆ సంచి మీద చెయ్యి వేసుకొని పక్కనే నడుస్తూ పెద్దనాయన. కిరాణం దుకాణంలో అన్నీ పేపరు పొట్లాలు కట్టి ఇచ్చేవారు. చింతపండు, ధనియాలు, బట్టల సబ్బు వాసనలు కలిసిపోయి వచ్చే ఆ గాలి నాకు ఇప్పటికీ జీతం వాసనే. పొట్లాల దారాలు విప్పి ఉండ చుట్టడం మా పని. అప్పుడు పెద్దమ్మ సరుకులు డబ్బాల్లోకి సర్దుతూ మా తిండి గురించి దెప్పుతుండేది. పెద్ద చెల్లెకు వంకాయ అంటే వాంతి, చిన్న చెల్లెకు పప్పు మీద నెయ్యి కనపడాలి, నాకు పచ్చిపులుసులో ఉల్లిగడ్డ నలిపితేనే ముద్ద దిగుతుంది. తమ్ముడు బియ్యప్పిండి తపాల చెక్కలో మాడిన అంచు తప్ప వేరే ఏదీ తినడు, అది కూడా ఆమె చేత్తో విరిచి ఇస్తేనే. "మీ నలుగురికి నాలుగు వంటిండ్లు కట్టియ్యాలె మీ నాయన" అని తిట్టేది. తిడుతూనే వంకాయ కూర పక్కన ఇంకో కూర చేసేది. రాత్రి అందరం గుండ్రంగా కూర్చుంటే ఆమె మా మధ్యలో కూర్చొని తినేది. ఆమె కంచంలోకి మా చేతులు పోతుండేవి, మా కంచాల్లోకి ఆమె చెయ్యి వస్తుండేది. ఎవరు ఎంత తిన్నారో చెప్పడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు, తమ్ముడికి ఇంకా నాలుగు నిండనప్పుడు, దామరచర్ల నుంచి మా మేనత్త వచ్చింది. అంటే మా నాయనకు, పెద్దనాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. మంచిదే, కానీ ఆమె మెచ్చుకున్నా తిట్టినట్టే తగిలేది. ఆ పూట కోడికూర. అందరం తింటున్నాం. అత్త ముక్క కొరుకుతూ పెద్దన్నను పొగడడం మొదలుపెట్టింది. "మా పెద్దన్నది దొడ్డ మనసు. జీతమంత తమ్ముని పిల్లల కడుపులకే పోతున్నా ఒక్కనాడన్న మొగం మాడ్సుకోలే. గీ కాలంల గిట్ల ఎవలు సాదుతరు?" అంది. పెద్దనాయన సిగ్గుపడి నవ్వాడు. పెద్దమ్మ ఆ మాట విననే లేదు, తమ్ముడికి ఎముక తీసి పెడుతోంది. విన్నది మా నాయన ఒక్కడే. ఆయన అభిమానం చాలా పెద్దది, దుకాణం కంటే పెద్దది. కంచం ఖాళీ చేశాడు గానీ మళ్లీ వడ్డించుకోలేదు. అత్త వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ నెల జీతం రోజు సరుకుల కోసం బయలుదేరుతున్న పెద్దనాయనను నాయన గుమ్మంలో ఆపాడు. "అన్నా, ఈ నెల సంది తిండి ఖర్చుకు పాళ్లు ఏసుకుందం. ఎనిమిది మందిమి తింటున్నం. ఆరు పాళ్లు నావి, రెండు పాళ్లు నీవి" అన్నాడు. ఎంత ఆలోచించి, ఎంత సరిగ్గా చెప్పాడో ఆయన ముఖంలో కనపడుతోంది. తప్పు చేస్తున్న మనిషి ముఖం కాదది. పెద్దనాయన పెద్దగా నవ్వాడు. "తల్కాయ గిన ఖరాబైందారా? సిన్నోడు తినేది పిడికెడు, వానికొక పాలా?" అన్నాడు. "ఇయ్యాల పిడికెడు, రేపు పెద్దగైతడు గద. నీ మీద బరువెందుకే" అన్నాడు నాయన.

పెద్దమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. చేతిలో బియ్యం కడిగిన గిన్నె ఉంది. గొంతు పెంచకుండా అడిగింది.

"పిల్లల బువ్వకు గూడ పాళ్లేస్తరా తమ్మీ? ఆరు నీకు, రెండు మాకు. మరి గా నలుగుర్ల నా పాలుకు ఒక్కరన్న రాలేదా?"

నాయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. "నీకు కష్టం గావొద్దనే వదినె" అన్నాడు. "కష్టమని నేనెప్పుడన్న అంటినా?" అందామె. ఇద్దరూ ఎదుటివాళ్ల మేలే కోరారు. అంతకంటే బాధేముంటుంది? తగాదా అయినా బాగుండేది. తిట్టుకొని, రెండు రోజులు ముఖాలు తిప్పుకొని మళ్లీ కలిసేవాళ్లు. నాయన తన ఆరు పాళ్ల డబ్బు తెచ్చి బియ్యం డబ్బా మూత మీద పెట్టాడు. పెద్దమ్మ ఆ డబ్బు ముట్టుకోలేదు. మూత తీయాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని పక్కన పెట్టి, బియ్యం తీసుకొని, మళ్లీ అక్కడే పెట్టేది. నెల తిరిగేసరికి నాయన ఒక బస్తా బియ్యం విడిగా తెచ్చి ముందరింట్లో దింపాడు. అమ్మ ఏడుస్తూ వరండాలో రెండో పొయ్యి వెలిగించింది.

మా అమ్మకు జాకెట్ చేతులు ఎంత బాగా కుదిరేవో పప్పు అంత అధ్వానంగా కుదిరేది. ఒకనాడు ఉప్పు ఎక్కువ, ఒకనాడు నీళ్లు ఎక్కువ. పక్కనే గోడకు అవతల పెద్దమ్మ తిరగమాత వాసన వస్తుంటే మేం తలలు దించుకొని తినేవాళ్లం. ఆమె చెయ్యి ఇద్దరికి వండడం నేర్చుకోలేదు. గిన్నె నిండా వండి మమ్మల్ని పిలిచేది. అమ్మ ముందే మాతో చెప్పి పెట్టింది. "పెద్దమ్మ పిలిస్తే తిన్నమని చెప్పుండ్రి. మీ నాయనకు తెలిస్తే మళ్ల లొల్లయితది." మేం ముగ్గురం అలాగే చెప్పేవాళ్లం. తమ్ముడు మాత్రం గడప దగ్గర నిలబడి, "తిన్న పెద్దమ్మా. ఏం కూర?" అనేవాడు. మొదట్లో ఆమె నవ్వి వాడి నోట్లో ఒక ముద్ద పెట్టి పంపేది. ఒకరోజు వాడిని నాయన చూసి భుజం పట్టుకొని ఇవతలికి లాక్కొచ్చాడు. ఆ తర్వాత ఆమె పిలవడం మానేసింది. ఇల్లంతా మునుపటి కంటే నిశ్శబ్దంగా, చాలా మర్యాదగా తయారైంది. నాకు ఆ మర్యాద మీద ఇప్పటికీ కోపమే.

ఏడాది తిరక్కుండానే పెద్దనాయన కోదాడకు బదిలీ చేయించుకున్నాడు. అడిగి చేయించుకున్నాడని మాకు తర్వాత తెలిసింది. ట్రాలీ ఆటోలో సామాను ఎక్కిస్తున్నప్పుడు పెద్దమ్మ ఎనిమిది మందికి అన్నం వండే గుండిగను కూడా ఎక్కించింది. ఇద్దరికి అంత గుండిగ ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కోదాడలో కాలేజీలు ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు వచ్చి రూములు తీసుకొని చదువుకునేవారు. పెద్దమ్మ వాళ్ల పై రూములో ఇద్దరు అబ్బాయిలు ఉండేవారట. వాళ్లు కిరోసిన్ స్టవ్ మీద అన్నం మాడ్చుకుంటుంటే చూడలేక పిలిచి పెట్టింది. వాళ్ల తండ్రులు వచ్చి, ఊరికే తినడం బాగుండదని నెలకు ఇంత అని మాట్లాడుకున్నారు. వాళ్లను చూసి ఇంకొందరు వచ్చారు. కొన్నేళ్లలో అది మెస్ అయింది. రెండు పూటలా వరస కట్టి కూర్చునే పిల్లలు, గోడకు గంట. ఆంధ్రా వైపు పిల్లలు ఎక్కువగా వచ్చేసరికి ఆమె మాట కూడా కొంచెం మారింది. పుంటికూర గోంగూర అయింది. "ఇంకొంచెం వేసుకోండి బాబూ" అనడం కూడా నేర్చుకుంది. పెళ్లిళ్లలోనో చావుల్లోనో కలిసినప్పుడు పెద్దనాయన ఇదంతా గొప్పగా చెప్పేవాడు. నాయన తలాడిస్తూ వినేవాడు. పిల్లల బువ్వకు పాళ్లేమిటని అడిగిన మనిషి నెలకింతని తీసుకుంటోందంటే ఆయనకు ఏమనిపించిందో మాకు చెప్పలేదు.

తమ్ముడు పదో తరగతి పాసై కోదాడలో ఇంటర్‌లో చేరాడు. సూర్యాపేటలోనే చేరొచ్చు, కానీ కోదాడ అన్నది నాయనే. ఆయన మనసులో ఏముందో అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. ఇన్నేళ్లలో ఆయన నోటితో అడగలేని మాట ఒకటి ఉంది, దాన్ని కొడుకు చేత పంపిస్తున్నాడు. బయలుదేరే రోజు ఒక కవరు వాడి జేబులో పెట్టి చెప్పాడు. "గిది పెద్దమ్మకియ్యి. నెల పైసలు. వద్దంటే మాత్రం జోర్ జేయకు, వాపస్ పట్టుకరా." వద్దంటే అన్న ముక్క ఆయన రెండుసార్లు చెప్పాడు.

నెల తర్వాత వాడు ఇంటికొచ్చాడు. తిన్నగా షెడ్డుకే వచ్చాడు. నేను నాయనకు అన్నం తీసుకొని వెళ్లి అక్కడే ఉన్నాను. నాయన నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఏమన్నది?"

"ఏమనలే. ఎంచుకొని డబ్బాల ఏస్కున్నది. అందరియి గా డబ్బాలనే ఏస్తది."

నాయన ట్యూబును కొంచెం తిప్పాడు. "అన్నం మంచిగ పెడ్తదా?"

"మస్తు మంచిగ పెడ్తది నాయనా. అందరికెట్లనో నాకు గట్లనే. ఒక్క ముక్క తక్కువ లేదు, ఎక్కువ లేదు."

వాడికి పెద్దమ్మ ముద్దలు గుర్తు లేవు. అంత చిన్నప్పటి సంగతి. వాడు సంతోషంగానే చెప్పాడు. నాయన చాలాసేపు ఆ ట్యూబును నీళ్లలోనే పట్టుకొని కూర్చున్నాడు. బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకే కనపడుతోంది, ఆయన చూడడం లేదు. నేను తెచ్చిన అన్నం ఆ పూట ఎవరూ తినలేదు.

రెండేళ్లూ నెల నెలా కవరు వెళ్లింది. ఒక్కటీ వాపసు రాలేదు. తెలంగాణ వచ్చిన ఏడాది, పరీక్షలయ్యాక, తమ్ముడి పెట్టె తేవడానికి నాయన కోదాడ వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. మధ్యాహ్నం పిల్లల వరసలోనే మమ్మల్నీ కూర్చోబెట్టి పెద్దమ్మ వడ్డించింది. జుట్టు సగం నెరిసింది, చేతుల చురుకుదనం మాత్రం అలాగే ఉంది. ఆమె పులుసు గిన్నె పట్టుకొని వచ్చినప్పుడు నాయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "వదినె, గప్పుడు నేను లెక్కేసుడు తప్పైంది" అన్నాడు.

పెద్దమ్మ ఆయన చెయ్యి పక్కకు జరిగేదాకా ఆగింది. తర్వాత పులుసు పోసింది.

"తప్పేం లేదు తమ్మీ. లెక్క మంచిగనే ఏసినవ్. గా పిల్లలు ఎవరోళ్లో నాకే తెల్వకపోయె" అంది. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగా కూడా అనలేదు. ఆ వెంటనే పక్క అబ్బాయిని "నీకు పులుసా, మజ్జిగా?" అని అడిగింది. నాయన ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. బస్టాండు దాకా ఆయన ముందు నడిచాడు, నేను వెనక నడిచాను, పెట్టె మోస్తూ తమ్ముడు కాలేజీ కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

పెద్దమ్మ ఇప్పుడు మెస్ నడపడం లేదు, ఓపిక లేదు. మేం వెళ్తే సంతోషిస్తుంది, కుర్చీ వేస్తుంది, మా పిల్లలకు ప్లేటులో మిక్చరు పోసి ఇస్తుంది. నాయన, ఆమె పక్కపక్కన కూర్చొని మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా కోపం మిగల్లేదు. అయినా ఆ ఇంట్లో ఆకలేస్తే మేం ఎవరమూ వంటింట్లోకి వెళ్లం, ఆమె పిలిచేదాకా కుర్చీల్లోనే కూర్చుంటాం. కాలం మా కోపాలన్నిటినీ తీసుకెళ్లింది, వాటితో పాటు మా చనువును కూడా తీసుకెళ్లిపోయింది.