అగ్గితెగులు సోకిన అరచెయ్యి

వరిచేను గట్టు మీద నడుస్తూ అగ్గితెగులును కనిపెట్టే రోబోను ఆసియా ఖండంలో మొట్టమొదట తయారు చేసినవాణ్ణి నేనే.

ఆసియా అన్నది కొంచెం ఎక్కువైంది. కంకిపాడు అవతల నేను వాకబు చెయ్యలేదు. పోనీ, తయారు చేసిందీ నేను కాదు, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. విజయవాడ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమెకు గైడుని నేను. రిటైరైనా కుర్చీ వదలని రకం గైడుని.

రోబో అనగానే కాళ్లూ చేతులూ ఊహించుకోకండి. నాలుగు చక్రాల బండి, ముందొక కెమెరా, పైన ఎర్ర దీపం. తెగులు ఆకు కనబడితే దీపం వెలగాలి. అందుకు ముందుగా కంప్యూటర్‌కి వేలకొద్దీ ఫోటోలు చూపించి, ఇది తెగులు, ఇది కాదు అని నేర్పాలి. మంచి ఆకులను ఆమె చేలో ఉన్నవి ఉన్నట్టుగా ఫోటోలు తీసింది. తెగులు ఆకుల బాధ్యత మాత్రం నేను తీసుకున్నాను. రైతుబిడ్డను కదా! మా వైపు తెగులు చూపించే పద్ధతి ఒకటుంది. ఆకు తుంచి, ఎడమ అరచేతిలో పరిచి, ఎదుటివాడి ముక్కు దాకా తీసుకొస్తారు. నేనూ అలాగే పరిచాను. ఆమె ఫోటోలు తీసింది.

ఆ ఫోటోలతోనే ల్యాబులో పరీక్షిస్తే ఒక్క తప్పు లేదు. నేను కాలర్ ఎగరేశాను.

ఆమె పీహెచ్‌డీ రివ్యూ ఇంకో వారం ఉందనగా బండిని చేనుకు తీసుకెళ్లాం. రివ్యూలో తప్పితే ఆమెకు బందరు కాలేజీలో ఖాయమైన లెక్చరర్ ఉద్యోగం పోతుంది. బండి కదిలింది. మచ్చలతో ఎండిపోతున్న దుబ్బుల ముందు నుంచి ఊరేగింపులో పెళ్లికొడుకులా సాగిపోయింది. దీపం వెలగలేదు.

"కెమెరా పోయినట్టుందమ్మా."

"కెమెరా బానే ఉంది సార్."

బండిని ఆపుదామని వంగి చెయ్యి అడ్డం పెట్టాను. దీపం భగ్గుమంది! చేతిలో ఆకూ లేదు, అలమూ లేదు. తీశాను, ఆరింది. పెట్టాను, వెలిగింది.

పక్క చేలో మందు కొడుతున్న రైతు ఇదంతా చూస్తున్నాడు. "మాస్టారూ, తెగులు మీ చేతికే పట్టిందండీ! ఓ ట్యాంకు కొట్టమంటారా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమె ముఖం చూడలేక నేను బురదలోకి చూశాను. ఆ యంత్రం నేర్చుకున్నది మచ్చను కాదు, నా అరచేతిని. చెయ్యి ఉంటే తెగులు, లేకపోతే లేదు. క్షణంలో కారణం పట్టేసి ఆమెకు చెప్పాను.

మర్నాటి నుంచి ఐదు రోజులు ఆమె ఒక్కతే మోకాలి లోతు బురదలో తిరిగి, తుంచకుండా, తాకకుండా, తెగులు ఆకులన్నిటినీ మళ్లీ ఫోటోలు తీసింది. నాకు గట్టు మీద గొడుగు పట్టుకునే పని ఇచ్చింది. రివ్యూ రోజున దీపం సరిగ్గా మచ్చల దుబ్బు ముందే వెలిగింది. నా చెయ్యి అడ్డం పెట్టినా పట్టించుకోలేదు.

ఇప్పుడామె బందరులో పాఠాలు చెబుతోంది. నిన్న ఫోను చేసి ఇదంతా చదివి వినిపించాను.

"బాగుంది సార్. ఒక్కటి దిద్దుకోండి. కారణం పట్టింది మీరు కాదు. ఫోటోలు మొదలెట్టిన రోజే, చెయ్యి తీసెయ్యండి సార్, మిషను చెయ్యినే నేర్చుకుంటుంది అని చెప్పాను. 'నువ్వు పుట్టకముందు నుంచీ తెగుళ్లు చూస్తున్నానమ్మా, కెమెరా సరిగ్గా పట్టుకో' అన్నారు."