విడిది ఇంటి కాయితాలమ్మగారు

మంగళవారం పొద్దున్న పాపకి గంజి పడుతుంటే ఎదురింటివాళ్లు వచ్చి, అమలాపురం నుంచి ఫోనొచ్చిందన్నారు. విడిది ఇంటి కాయితాలమ్మగారు పోయారట. నేను వెంటనే లేవలేకపోయాను. గంజి గొంతు దిగేదాకా పాప మెడ నిలబెట్టి పట్టుకోవాలి, లేకపోతే పొలమారుతుంది. అలా పట్టుకునే ఏడ్చాను.

ఆవిడని ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. అమలాపురంలో చర్చి వెనక ఒక పెంకుటింట్లో ఎనిమిది మంచాలు వేసి, మా పాపలాంటి కదల్లేని పిల్లల్ని పదేసి రోజులు ఉంచుకునేవారు. ఆ పది రోజులూ తల్లులు కాస్త నడుం వాల్చాలని. మేమంతా దాన్ని విడిది అనేవాళ్లం. ఆయాల జీతాలకీ పిల్లల తిండికీ ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. కానీ పిల్లకో ఫైలు పంపి మంజూరు చేయించుకోవాలి. ఆ ఫైళ్లన్నీ రాసేది ఈవిడే. బళ్లో పంతులమ్మగా రిటైరై ఆ పనిలో చేరారు. అసలు పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు.

మాది ఉప్పలగుప్తం దగ్గర. మా ఆయన రొయ్యల చెరువుల మీద పని, ఇంట్లో ఉండేది తక్కువ. పాపకి తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఎత్తడం నాకు కష్టమైపోయింది. ఒక మధ్యాహ్నం దాన్ని గదిలో పడుకోబెట్టి, బయట గొళ్లెం వేసి, కాలవ గట్టు దాకా వెళ్లి కూర్చున్నాను. ఎందుకు వెళ్లానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎలాగో తిరిగొచ్చాను. మర్నాడే విడిదికి వెళ్లి పాపని చేర్చుకోమని అడిగాను.

ముందు పెద్దాసుపత్రిలో మెడికల్ బోర్డు డాక్టర్ల చేత సర్టిఫికెట్టు రాయించుకు రమ్మన్నారు. వైకల్యం ఎంత శాతమో అందులో వేస్తారు. శాతం ఎక్కువుంటేనే గ్రాంటు. అక్కడ నేను మా వైపు తల్లులందరూ చేసే తప్పే చేశాను. నలుగురిలోకి వెళ్తున్నాం కదా అని పాపకి తలంటి, రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టి, కొత్త గౌను తొడిగి తీసుకెళ్లాను. అన్నం తనే తింటుందా అని డాక్టరుగారు అడిగితే తింటుందండి అన్నాను. పూర్తిగా అబద్ధమూ కాదు, నెలకో రోజు చెంచా పట్టుకునేది. మాటలొచ్చా అంటే అమ్మా అంటుందండి అన్నాను. దాని ఎదురుగా దాన్ని చిన్నబుచ్చడానికి నోరు రాలేదు. శాతం తక్కువ వేశారు. ఫైలు ఎర్ర సిరా గీతతో తిరిగొచ్చింది.

కాయితాలమ్మగారు ఆ కాయితం రెండుసార్లు చదివి, కళ్లజోడు మీంచి నన్ను చూశారు.

"బోర్డుకి తీసుకెళ్లేవా, పెళ్లిచూపులకి తీసుకెళ్లేవా అమ్మాయ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. నా పిల్ల శుభ్రంగా ఉండడం కూడా తప్పేనా అని అడిగేశాను. తప్పు కాదన్నారు. ఆ శుభ్రం వెనక నా నడుం ఎంత అరిగిందో డాక్టరుకి కనపడదన్నారు.

"మంచి రోజు మనదమ్మా, ఇంట్లో దాచుకుందాం. వాళ్లకి చెడ్డ రోజు చెప్పాలి."

ఒక రూళ్ల పుస్తకం ఇచ్చి, ఎత్తిన ప్రతిసారీ, గుడ్డలు మార్చిన ప్రతిసారీ, ఫిట్సు వచ్చిన ప్రతిసారీ రాయమన్నారు. వారం రాసి తీసుకెళ్లి, నా పిల్ల మీద నేనే చాడీలు చెప్తున్నట్టు ఉందండి అన్నాను. ఆయ్, అలాగే ఉంటదమ్మా, ఇంకో వారం రాయి అన్నారు.

రెండోసారి బోర్డుకి ఆవిడా మాతో వచ్చారు. గేటు దగ్గర నా సంచిలోంచి దువ్వెన తీసి తన బ్యాగులో వేసుకున్నారు. ఏ తల్లితో వెళ్లినా అంతేనట. చింపిరి జుట్టుతోనే పాపని లోపలికి ఎత్తుకెళ్లాను. అన్నీ చెప్పాను. గొళ్లెం సంగతి చెప్పాను, కాలవ సంగతి చెప్పాను. పాపకి మాట రాదు గానీ మనం అనేది అర్థమవుతుంది. చెప్పినంతసేపూ కళ్లు నా మీంచి తిప్పలేదు.

బయట వరండా బల్ల మీద కూర్చున్నాక ఆవిడ దువ్వెన చేతికిచ్చి, "ఇప్పుడు దువ్వు" అన్నారు. పాప గడ్డం తన అరచేతిలో పెట్టుకుని, రెండు జడలూ అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు. నేను ఏడుస్తూనే అల్లాను. ఊరుకోమని ఆవిడ అనలేదు.

ఆ ఏడు గ్రాంటు వచ్చింది. పాపని విడిదిలో దింపి ఇంటికెళ్లి మూడు రోజులు నిద్రపోయాను. ఆవిడే లేకపోతే మేమిద్దరం ఈపాటికి ఉండేవాళ్లం కాదు.

అందరికీ అలా కలిసి రాలేదు. ఫైల్లో కారణం అని ఒక గడి ఉండేది. ఆవిడ అందులో తల్లికి అలసట అని రాసేవారు. ఇంట్లో ఆపరేషనో చావో ఉంటే తప్ప కుదరదని ఆఫీసువాళ్లు తిప్పి పంపేవారు. "అలసట జబ్బు కాదంటమ్మా, జబ్బు చేశాకే రమ్మంటున్నారు" అని, ఆవిడ మళ్లీ అదే మాట రాసి పంపేవారు. రాజోలు వైపు ఒకావిడ ఫైలు మూడోసారి తిరిగొచ్చేసరికి ఆ తల్లే పోయింది. ఆ ఫైలు ముందు పెట్టుకుని కాయితాలమ్మగారు ఒక పూటంతా కలం తియ్యకుండా కూర్చున్నారు. తన పంతం వల్లే ఆలస్యమైందేమోనని తరవాత నాతో అన్నారు. కాదని నేను అనలేకపోయాను.

మొన్న వానల్లో పాపని దింపడానికి వెళితే ఆవిడ కాళ్లు బోదకాళ్లలా వాచి ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే కునుకు తీస్తున్నారని ఆయాలు చెప్పారు. బలవంతాన ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారిలో బ్యాగులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నారు. గంజి పెట్టిన చీర సర్దుకుని, పాపిడి తిన్నగా ఉందా అమ్మాయ్ అని అడిగారు. బాగుందండి అన్నాను.

మెట్లెక్కగలరా అని డాక్టరు అడిగారు. ఎక్కుతానండి అన్నారు. నిద్ర పడుతోందా అంటే, ఆయ్, పడుతోందండి అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. పెద్దావిడ మాట కాదనడం ఏం బాగుంటుందని నోరు మూసుకున్నాను. మాత్రలు రాసి పంపేశారు. ఆటోలో అడిగాను, ఎందుకలా చెప్పేరండీ అని. ఆవిడ బయటికి చూస్తూ అన్నారు.

"ఏమోనమ్మా. నోరు రాలేదు."

నెల తిరక్కుండా ఈ కబురు. ఆ రోజు ఆటోలో దువ్వెన నేను లాక్కోవలసింది.

మంగళవారం పాపని ఎత్తుకునే వెళ్లాను. విడిది ముందు గదిలో ఆవిడని పెట్టెలో పెట్టారు. ఆయాలు ఆవిడకి తెల్ల చీర కట్టి, తల దువ్వి, ముడి వేశారు. పాప నా భుజం మీంచి మెడ వాల్చి చాలాసేపు చూసింది. పాపిడి తిన్నగా ఉంది.