దొంగజేబు ఉన్న అంగీ

ఎవరైనా కాగితాలు పట్టుకొని వచ్చి "అంతా మీ మంచికేనమ్మా" అన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. బీమా కంపెనీ మనిషి వచ్చినా, సర్కారు సర్వే అంటూ ఇంకెవరు వచ్చినా తలుపు సగమే తీస్తాను. "నీకు నీ నీడ మీద కూడా నమ్మకం లేదు" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. నా నీడ నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా తీయగా మాట్లాడే అధికార్లతోనే.

నేను పుట్టుకతో ఇలాంటిదాన్ని కాదు. ఒకప్పుడు మా ఇంట్లో చుట్టాల కంటే పోలీసులనే ఎక్కువ నమ్మేవాళ్లం.

కల్వకుర్తి దాటి అచ్చంపేట వెళ్లే దారిలో మా ఊరు. బాపు అంటే మా నాన్న, దర్జీ. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట్లో లగ్గమైనా బట్టలు మా దగ్గరికే వచ్చేవి. స్టేషన్ వాళ్ల ఖాకీ బట్టలు కూడా బాపే కుట్టేవాడు. అది మాకు పెద్ద గొప్ప. కానిస్టేబుళ్లు మా బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, గల్లీలో మా ఇంటికి ఓ పెద్దరికం వచ్చినట్టు మురిసిపోయేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

అంగీలకు కాజాలు తీసే పని అమ్మది. చేత్తోనే తీసేది. ప్రతి కాజా చివర దారాన్ని రెండు చుట్లు తిప్పి జొన్నగింజంత ముడి వేసేది. "గుండీ ఊడితె ఊడాలె గని కాజా ఊడొద్దు" అనేది. ఆ ముడి వేయడం ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. ఊళ్లో ఇంకెవరూ అలా వేసేవారు కాదు.

అడవి అంచున ఉన్న ఓ పల్లె నుంచి ఒక తల్లీ కొడుకూ లగ్గం బట్టలకు వచ్చారు. వాళ్లది కూలినాలి చేసుకునే ఇల్లు. పిల్లగాడు బక్కపలచగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. నీలం రంగు మీద సన్న గీతలున్న బట్ట తెచ్చుకున్నాడు. అంగీకి లోపలివైపు ఛాతీ దగ్గర దొంగజేబు పెట్టమన్నాడు. వాళ్లమ్మ పకపకా నవ్వింది.

"పెండ్లి అంగీకి దొంగజేబు ఏందిరా? పెండ్లాన్ని దాసుకుంటవా?"

"లగ్గమైనంక డ్యాం పనికి పోవాలె గదనే. రైల్ల పైసలు యాడ పెట్టుకోవాలె?" అన్నాడు వాడు.

అప్పట్లో మా పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి మేస్త్రీల వెంట పోయేవారు. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చేవారు, కొందరి కబురు కూడా వచ్చేది కాదు. అమ్మ ఆ జేబును తన చేత్తో కుట్టి, పైన ఒక గుండీ కూడా పెట్టింది. "పైలంగ పోయిరా కొడుకా" అని అంగీ చేతికిచ్చింది. వాళ్లమ్మ, మా అమ్మ అప్పటినుంచి వదినె అంటే వదినె అనుకునేవారు. ఆమెను నేను అత్తా అని పిలిచేదాన్ని.

ఆ తర్వాత రెండేళ్లకేమో మా స్టేషన్‌కు కొత్త ఎస్సై వచ్చాడు. నల్గొండ జిల్లా వాడు. వచ్చిన వారంలోనే బట్టల కొలతలివ్వడానికి వచ్చి, అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే వాసన చూసి, "మా అమ్మ యాదికొచ్చిందక్కా" అంటూ అడిగి పెట్టించుకొని తిన్నాడు. అధికారి అయ్యుండి కింద కూర్చొని తిన్నాడని అమ్మ నెల రోజులు చెప్పుకుంది. అప్పుడు అడవిలో అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం పోలీసులు గాలిస్తున్న కాలం. పల్లెల్లో జీపు చప్పుడైతే మగవాళ్లు చేలల్లోకి పరుగెత్తేవారు. మేం మాత్రం "అందరు పోలీసులు ఒక తీరుగ ఉంటరా?" అని వాదించేవాళ్లం. ఆ వాదనలో నేనే ముందుండేదాన్ని. డిగ్రీ చదువుతున్నాను కదా, నాకు అన్నీ తెలుసనే ధీమా.

ఒకరోజు మధ్యాహ్నం ఎస్సై మామూలు బట్టల్లో వచ్చాడు. బాపు దారపు ఉండలు, గుండీలు తేవడానికి కల్వకుర్తి వెళ్లాడు. దుకాణంలో అమ్మ, నేను ఉన్నాం. మంచినీళ్లు అడిగి తాగాడు. చేతిలో ఉన్న పొట్లం విప్పి ఒక అంగీ తీసి అమ్మ ఒళ్లో పెట్టాడు.

"అక్కా, నా అంగీ కాజాలకు ఉన్న ముడే దీనికీ ఉన్నది. మీదేనా చూడు."

"మాదే సారూ. గిది యాడిది?"

ఆయన తల దించుకున్నాడు. "హైదరాబాద్ రోడ్డు మీద లారీ గుద్ది ఎవలో పిల్లగాడు పోయిండు. ఊరు పేరు తెల్వది. శవం దవాఖానల ఉన్నది. దిక్కులేని శవమని పూడ్చిపెడ్తమంటున్నరు. నాకు మనసొప్పుతలేదక్కా. కన్నతల్లికి కడసారి చూపన్నా దక్కాలె గదా."

అమ్మ అంగీ లోపలికి చెయ్యి పెట్టింది. దొంగజేబు తగిలింది. ఉన్నచోటనే కూలబడి "అయ్యో కొడుకా" అని నోట్లో కొంగు కుక్కుకుంది.

అంగీ శుభ్రంగా ఉంది. నాకు అనుమానం వచ్చింది. "నెత్తురు మరకలు లేవేంది సారూ?" అని అడిగాను కూడా.

"ఉతికిపిచ్చిన బిడ్డా. తల్లికి చూపియ్యాలె గదా" అన్నాడు.

ఆ మాటతో నా అనుమానం చచ్చిపోయింది. ఒక తల్లి కళ్లలో నెత్తురు మరక పడొద్దని ఆలోచించే పోలీసు కూడా ఉన్నాడా అని నా కళ్లు చెమర్చాయి. అమ్మ ఏడుస్తూనే అన్నీ చెప్పింది. ఊరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది. వాళ్లు వెతుక్కోవడానికి ఇబ్బంది పడకూడదని, ఊళ్లోకి పోయాక ఎటు తిరగాలో, చేదబావికి ఎదురుగా ఉన్న ఇల్లేనని గుర్తులతో సహా చెప్పింది.

"పుణ్యం కట్టుకున్నవక్కా. మీరు మాత్రం కబురు చెయ్యకుండ్రి. ఒక్కసారే చెప్తే ఆ తల్లి గుండె పగుల్తది. మేం పోయి నిమ్మలంగ చెప్తం" అన్నాడు. అంగీ మళ్లీ పొట్లం కట్టుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం బాపు వచ్చి విషయం విన్నాడు. కొత్త తెల్లగుడ్డ తాను తీసి, మనిషి నిడివికి కొలిచి చింపాడు. "పెండ్లి బట్ట మన చేతులనుంచే పోయింది. కడపటి బట్ట గూడ మనమే కప్పాలె" అన్నాడు. మా దగ్గర పోయినవాళ్ల మీద అయినవాళ్లు కొత్తగుడ్డ కప్పుతారు. ఆ రోజు మేం ఆ ఇంటికి అయినవాళ్లమే అనుకున్నాం.

పోలీసులు ఈపాటికి కబురు చెప్పే ఉంటారని, తెల్లవారి మొదటి బస్సుకే ముగ్గురం బయల్దేరాం. దారిపొడుగునా అమ్మ ఆ గుడ్డను ఒళ్లో పెట్టుకొని ఏడుస్తూనే ఉంది. ఊళ్లోకి పోతుంటే డప్పు చప్పుడు వినిపిస్తుందనుకున్నాం. ఏ చప్పుడూ లేదు. ఆ ఇంటి ముందు మాత్రం జనం మూగి ఉన్నారు. అత్త జుట్టు విరబోసుకొని నేల మీద కూర్చుని ఉంది. అమ్మ పరుగున పోయి ఆమెను కావలించుకుంది.

"ఎంత పని జరిగెనే వదినె! ఆ లారీ పాడుగాను!"

అత్త అమ్మను పక్కకు నెట్టి మొహంలోకి చూసింది. "లారీ ఏంది వదినె? నా కొడుకును జీపుల ఏసుకపోయిండ్రు. కోళ్లు కూయంగ వచ్చిండ్రు. పండుకున్నోన్ని పండుకున్నట్టే గుంజుకపోయిండ్రు."

"పిల్లగాడు బతికే ఉన్నడా?" అన్నాడు బాపు.

"ఉండక ఏమైతడు? డ్యాం పనికెళ్లొచ్చి నెల గాలే. వాని అంగీ అడవిల దొరికిందట, అన్నలు వదిలిపెట్టి పోయిన సంచిల. వాడు మొత్తుకున్నడు. చలికి వణుకుతుంటే పనికాడ ఎవలికో ఇచ్చిన సారూ అని కాళ్లు పట్టుకున్నడు. ఇనలే. ఊళ్లె ఎవ్వల్ని అడగలే వదినె, సక్కగ చేదబావి కాడికే వచ్చిండ్రు. ఎవలు చెప్పిండ్రో వాళ్ల నోట్ల మన్నుపడ!"

అప్పుడే ఆమె చూపు అమ్మ చేతిలోని గుడ్డ మీద పడింది.

"గా తెల్లగుడ్డ ఎవలికి వదినె?"

అమ్మ దాచకుండా అంతా చెప్పింది. జనంలోంచి ఎవరో మమ్మల్ని తిట్టారు, ఎవరో మీదికి వచ్చారు. అత్త చెయ్యెత్తి ఆపింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ ఎస్సై మీ ఇంట్ల నీళ్లు తాగిండా?" అని మాత్రం అడిగింది.

"తాగిండు."

"తాగి చెప్పిండా?"

"తాగే చెప్పిండు వదినె."

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమనే మాట చిన్నప్పటినుంచి వింటున్నదే. దాని అర్థం నాకు ఆ వాకిట్లో తెలిసింది. మా అమ్మకు చావంటే ఉన్న జాలిని వాడు జీపుకు దారి చేసుకున్నాడు. చచ్చాడని చెబితే గానీ బతికున్నవాడి జాడ చెప్పదని వాడికి తెలుసు. మా రొట్టెలు తిని తెలుసుకున్నది అదే.

అత్తను వెంటబెట్టుకొని నేరుగా స్టేషన్‌కు వెళ్లాం. ఎస్సై కుర్చీలో ఉన్నాడు. బాపు చేతులు జోడించి అడిగితే, "ఏ పిల్లగాడు? మేము ఏ ఊరికీ పోలే, ఎవర్నీ తేలే" అన్నాడు.

"నిన్న మా ఇంటికి అంగీ తెచ్చినవ్ గద సారూ. అక్కా అన్నవ్ గద" అంది అమ్మ.

"ఏ అంగీ? ఎవరికి అక్కవు నువ్వు? కేసుల ఇరుక్కుంటవ్, ఇంటికి పో."

అతను వేసుకున్న ఖాకీ అంగీ మేం కుట్టిందే. గుండీలన్నీ పెట్టుకొని ఉన్నాడు. అమ్మ అతని మొహం వైపు కాకుండా ఆ కాజాల వైపే చూస్తూ నిలబడింది. కానిస్టేబుల్ వచ్చి మమ్మల్ని బయటికి తోలాడు. అతను కూడా మా బల్ల మీద కూర్చుని చాయ్ తాగినవాడే.

హైదరాబాద్ నుంచి హక్కుల వకీలు ఒకాయన వచ్చి కోర్టులో కేసు వేశాడు. సాక్ష్యం చెబుతానని అమ్మ ఒక మంచి చీర తీసి పక్కన పెట్టుకుంది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఆ పిల్లగాడిని తాము పట్టుకోనేలేదని పోలీసులు రాసిచ్చారు, కేసు అంతటితో ముగిసింది. అడవిలో ఎదురుకాల్పులని పేపర్లో పడ్డప్పుడల్లా అత్త దవాఖానకు పోయి శవాలు చూసి వచ్చేది. ఒక్కటీ కొడుకుది కాదు. పిల్లగాడి పెళ్లాన్ని తల్లిగారు తీసుకుపోయారు. ఎస్సైకి పెద్ద హోదా వచ్చి బదిలీ అయితే ఊరి పెద్దలు పూలదండలు వేసి పంపారు.

మళ్లీ స్టేషన్ నుంచి ఖాకీ తాను వచ్చింది. "నా చేత్తో కాజాలు తియ్య" అని అమ్మ మొండికేసింది. బాపు బట్ట తిరిగి పంపేశాడు. దానికి వాళ్లు ఏదో ఒక సాకుతో పిలిచి అతన్ని పొద్దంతా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి పంపేవారు. ఇటు పల్లెలవాళ్లు "పోలీసులకు చెప్పే ఇల్లు" అని మా గడప తొక్కడం మానేశారు. అప్పట్లో ఆ పేరు పడ్డ ఇంటికి అడవివైపు నుంచి కూడా భయమే. పోలీసులేమో మమ్మల్ని వాడుకొని ఎరగనట్టు పోయారు. ఇక అమ్మ ఎవరి అంగీకీ కాజా చివర ముడి వేయలేదు.

ఆ తెల్లగుడ్డ మా ఇంట్లోనే మిగిలిపోయింది. ఆ రోజు బాపు దాన్ని ఇవ్వబోతే అత్త "నా గడప లోపటికి తేకుండ్రి" అంది. తెచ్చి సందుకలో పెట్టాం. దాన్ని ఇంకొకరికి కుట్టడానికి బాపుకు చేతులు రాలేదు. వారపు అంగడి రోజున అత్త మా ఊరికి వచ్చినప్పుడల్లా దుకాణం ముందు ఆగేది. లోపలికి వచ్చేది కాదు, నీళ్లిచ్చినా తాగేది కాదు.

"ఉన్నదా?" అని అడిగేది.

"ఉన్నది వదినె" అనేది అమ్మ.

"ఉండనీ" అని వెళ్లిపోయేది.

ఏళ్ల తరబడి వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు అవే. ఆ మాటలు విన్న రోజున అమ్మకు అన్నం సహించేది కాదు. ఆ దిగులుతోనే చిక్కిపోయి, తొంభైల చివర్లో చనిపోయింది. ఎవరేమన్నా నేనొప్పుకోను, మా అమ్మను కూడా వాళ్లే చంపారు.

ఆ రోజు ఇంటినిండా జనం. పక్కింటామె కొత్తగుడ్డ కోసం వెతుకుతూ సందుక తెరిచి ఆ తెల్లగుడ్డను బయటికి తీసింది. నేను ఆమె చేతుల్లోంచి గుంజుకొని మళ్లీ లోపల పెట్టేశాను. అమ్మకు దుకాణంలో ఉన్న మరో తాను చింపి కప్పాం.

అత్తకు ఎవరు కబురు చేశారో తెలియదు. పాడె లేచే వేళకు వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి మా గడప దాటి లోపలికి వచ్చింది. వెన్ను వంగిపోయి ఉంది. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, కప్పిన గుడ్డ అంచును వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది.

"గా గుడ్డనే కప్పిండ్రా బిడ్డా?"

"లేదత్తా. అది సందుకల్నే ఉన్నది."

ఆమె ఊపిరి వదిలింది. "మంచిగ చేసినవ్. అది చచ్చినోళ్ల బట్ట గాదు. మా వాడు వచ్చినంక దాంతోటి వానికి ఒక అంగీ కుట్టు. దొంగజేబు మర్వకు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏదో ఒకటి అనాలని, "పెండ్లప్పటి కొలతలే పెట్టాల్నా అత్తా?" అన్నాను.

ఆమె రెండు చేతులూ ఛాతీ వెడల్పుకు ఎడంగా పెట్టి, ఇంకాస్త జరిపింది.

"అప్పుడు బక్కగ ఉండె. ఇప్పుడు ఒళ్లు చేసి ఉంటడు. జర వదులుగ కుట్టు" అంది.