గుసగుసల ఆడియో డైరీ

అమెరికాలోని అరోరాలో నేను చెప్పే తెలుగు క్లాసులో టీనేజ్ పిల్లలకి ఆడియో డైరీ అలవాటు చేస్తున్నాను. రోజూ మనసులో ఉన్నది ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి, ఇష్టమైతేనే నాకు వినిపించాలి. ఈ సాయంత్రం పద్నాలుగేళ్ల నిత్య తనది వినిపించింది. ఫోన్ చెవికి ఆనించుకున్నా ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా గుసగుసే.

“ఏంటి నిత్యా, అన్నీ సీక్రెట్సేనా?” అన్నాను నవ్వుతూ.

“నో ఆంటీ, డాడీ ఆల్వేస్ కాల్‌లో ఉంటాడు. సో మా ఇంట్లో అందరం ఇలానే మాట్లాడతాం.”

పాపం అనుకుంటూ ఇంటికొచ్చాను. మా అబ్బాయి తలుపు తీసి, నేను నోరు విప్పేలోపే పెదాల మీద వేలు పెట్టుకుని, వాళ్ల నాన్న మీటింగ్‌లో ఉన్న గది వైపు చూపించాడు.

అప్పటి నుంచి వాడి అసలు గొంతు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుంటున్నాను. మీ పిల్లల గొంతు మీకు గుర్తుందా?