మంచం దాకా గీసిన సుద్దగీతలు

మేస్త్రీ కట్టిన గోడకు వంక పెట్టిన మనిషి లేడు. నలభై ఏళ్లుగా ఏ కిటికీకైనా సరే, పైన రెండడుగుల సన్‌షేడ్ పోయనిదే ఆయనకు తోచదు. ఎండంటే అంత కక్ష. సొంతింటి దక్షిణపు కిటికీకీ అలాగే పోశాడు.

ఇప్పుడదే ఆయన నెత్తిన కూర్చుంది. పక్షవాతంతో భార్యకు ఎడమ కాలు పడిపోయింది. మంచం కిటికీ దగ్గరికి జరపడానికి లేదు. గోడకు బిగించిన ఇనుప కమ్మీ పట్టుకునే ఆమె స్నానాల గదికి వెళ్లాలి. "చలికాలం వస్తోంది. పాదాల మీద కాస్త ఎండ పడితే చాలండీ," అందామె ఓ రోజు. ఏనాడూ ఏదీ అడగని మనిషి! మర్నాడే మేస్త్రీ సుత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కాడు, సన్‌షేడ్ పగలగొట్టేద్దామని.

సరిగ్గా అప్పుడే బళ్లో సైన్సు చెప్పే మేనకోడలు వచ్చింది. "ఆగు మామయ్యా. చలికాలంలో ఎండ దానంతటదే లోపలికొస్తుంది."

"చలికాలంలో సూర్యుడు దూరంగా పోతాడు కదే. వేసవిలోనే రానివాడు అప్పుడొస్తాడా?"

"దూరం కాదు, ఇంకాస్త దగ్గరే." ఆమె టార్చి వెలిగించి నేల మీదికి నిటారుగా పట్టింది. చిన్న వెలుగు, గట్టిగా పడింది. టార్చి వంచితే అదే వెలుగు సాగి పలచబడింది. "భూమి ఒరిగి తిరుగుతుంది మామయ్యా. చలికాలంలో మనకు ఎండ ఇలా ఏటవాలుగా పడుతుంది. అందుకే చలి. అందుకే నీ సన్‌షేడ్ కిందనుంచి దూరి వస్తుంది."

నలభై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీకి టార్చిలైటు పాఠం! నమ్మలేదు గానీ నిచ్చెన దిగాడు.

ఆదివారం ఆదివారం పన్నెండింటికి, నేల మీద ఎండ అంచున సుద్దముక్కతో గీత గీసేవాడు. మొదట్లో గీతలు బెత్తెడేసి జరిగాయి. చలి ముదిరేకొద్దీ దగ్గరపడ్డాయి. మంచం ఇంకా రెండు వేళ్ల దూరం. ఎండ అక్కడే ఆగిపోతుందేమోనని ఆయన భయం. సుత్తి వైపు చూసేవాడు. మేనకోడలికి ఫోన్ చేస్తే, "ఇంకో రెండు వారాలు ఓపిక పట్టు," అంది.

పగలు బాగా చిన్నదైన వారం, ఎండ మంచమెక్కి ఆమె పాదాల మీద పడింది.

"ఊరందరి ఇళ్లకూ ఎండ రాకుండా కట్టారు. నా ఒక్కదానికి రప్పించారు," అందామె.

"నేనేం చేశానే? చేతులు ముడుచుకుని కూర్చున్నా, అంతే."

"పెళ్లయ్యాక మీరలా కూర్చోవడం ఇదే మొదలు. ఇంకాసేపు కూర్చోండి."

మేస్త్రీ మంచం అంచున కూర్చున్నాడు. ఎండ జరిగిపోయేదాకా లేవలేదు.